40 లీటర్ల అగ్ని అస్త్రం ఇంటి దగ్గర కాయడం: ఘాటు చూసి మోసపోవద్దు

అగ్ని అస్త్రం కాస్తున్న ఇల్లు ఏదో తెలుసుకోవడానికి మా వైపు ఎవరినీ అడగక్కర్లేదు. వీధి మొదట్లో అడుగుపెడితే చాలు, మూడిళ్ళ అవతల నుంచే దగ్గు వినపడుతుంది. నాలుగైదు లీటర్లు చిన్న కుండలో కాచుకున్నన్నాళ్ళు ఆ దగ్గు పావుగంటలో పోయేది. ఇప్పుడు ఒక్కొక్కరు ఐదెకరాలకి సరిపడా ఒకేసారి కాయాలనుకుంటున్నారు. పక్క రైతులకి కూడా పోయాలని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు పెద్ద ఎత్తున కాస్తున్నారు. పైన వీడియోలో నేను 40 లీటర్ల గోమూత్రంతో కాచింది చూశారు కదా. వీడియోలో చెప్పడానికి వీలుపడని లెక్కలు, జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను. మాది విజయవాడకి దిగువన, కాలువ కింద మాగాణి. సార్వా వరి, తర్వాత మినుము. గట్ల మీద కూరగాయలు, కాస్త మిరప. నేను చెప్పేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు అసలు విషయం. గుండిగ పొంగేటప్పుడు కళ్ళు మండి, పొలమారి, ముక్కు కారితే "ఈసారి మందు గట్టిగా కుదిరింది" అని సంతోషిస్తాం. కుదరలేదనిపిస్తే ఇంకో కిలో పచ్చిమిర్చి వేస్తాం. కిలో వెయ్యాల్సిన చోట మూడు కిలోలు వేసేవాళ్ళని చూశాను. ఆ ఘాటు మన ఒంటికి తగిలే లెక్క. పురుగుకి తగిలే లెక్క అది కాదు.

మిరపలో మంట పుట్టించే పదార్థం కాప్సైసిన్. అది గింజలో ఉంటుందనుకుంటాం గానీ, ఎక్కువగా ఉండేది గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి ఈనెలో. మనుషుల్లోనూ పశువుల్లోనూ నరాల చివర వేడిని గుర్తుపట్టే ఒక గ్రాహకం ఉంది. కాప్సైసిన్ వెళ్ళి దానికి అతుక్కుంటుంది. నిజంగా కాలకపోయినా కాలినట్టు మెదడుకి కబురు వెళుతుంది. ఆ గ్రాహకాన్ని మిరప మంట సాయంతోనే కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. పక్షుల్లో ఆ గ్రాహకం కాప్సైసిన్‌కి స్పందించదు. అందుకే రామచిలక పండుమిరపకాయని జాంపండులా కొరుక్కు తింటుంది, దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

పురుగు సంగతికొస్తే, మిరప చేను చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాయతొలుచు పురుగు మిరపకాయ లోపలే కాపరం పెట్టి తింటుంది. దానికి మిరప ఘాటు చూపించి భయపెడదామంటే ఎలా? 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, కృష్ణా, ఖమ్మం మిరప చేలను ఊడ్చేసినప్పుడు అది కూర్చుని తిన్నది మిరప పువ్వులోనే. మిరప రసం పనికిరాదని చెప్పడం లేదు. ఆకు మీద రుచి చెడగొట్టి, పురుగు తిండి తగ్గించి, తల్లి పురుగుని కొంత దూరం పెడుతుంది. అది సాయం చేసేది. ముందుండి కొట్టేది కాదు.

ముందుండి కొట్టేది పొగాకు. ఈ మాట మనవాళ్ళు అంతగా ఒప్పుకోరు. "నాటు ఆవు పంచితం, వేపాకు, మిరప, వెల్లుల్లి, అన్నీ ఇంట్లోవే, ఏం ప్రమాదం?" అంటారు. పొగాకులోని నికోటిన్ పురుగు నరాల మీద నేరుగా పనిచేసే విషం. రసాయన మందులు ఇంత రాకముందు యూరప్‌లో, అమెరికాలో తోటల మీద నికోటిన్ సల్ఫేట్ కొట్టేవారు. మనం వద్దనుకుని బయటికొచ్చిన ఇమిడాక్లోప్రిడ్ లాంటి నియోనికోటినాయిడ్ మందులు కూడా పురుగు నరంలో నికోటిన్ తగిలే చోటే తగులుతాయి, ఆ పేరు అందుకే వచ్చింది. కాకపోతే మన కషాయంలో నికోటిన్ ఎండకీ గాలికీ తొందరగా పోతుంది, అవి మొక్కలో, మట్టిలో చాలాకాలం ఉంటాయి. ఆ తేడా పెద్దదే. అయినా కాచే మనిషికి, కొట్టే మనిషికి ఆ రోజు అది విషమే.

కొలత ఒకరిది, మోతాదు ఇంకొకరిది

మన దగ్గర తిరిగే కొలతలు రెండు. ఒకటి సుభాష్ పాలేకర్ గారి శిక్షణల నుంచి వచ్చింది: 20 లీటర్ల గోమూత్రం, 2 కిలోల వేపాకు ముద్ద, అర కిలో పొగాకు పొడి, అర కిలో పచ్చిమిర్చి ముద్ద, పావు కిలో వెల్లుల్లి. ఇందులోంచి 6 నుంచి 8 లీటర్లు తీసి 200 లీటర్ల నీళ్ళలో కలిపి ఎకరానికి కొట్టాలి. రెండోది మన రాష్ట్రంలో ఊరూరా గోడల మీద, కరపత్రాల్లో కనిపించేది: 10 లీటర్ల గోమూత్రం, కిలో పొగాకు, అర కిలో పచ్చిమిర్చి, అర కిలో వెల్లుల్లి, 5 కిలోల వేపాకు. ఇందులోంచి రెండున్నర నుంచి 3 లీటర్లు 100 లీటర్ల నీళ్ళలో.

ఒక్కసారి లెక్క వెయ్యండి. మొదటి దాంట్లో లీటరుకి 25 గ్రాముల పొగాకు. రెండో దాంట్లో లీటరుకి 100 గ్రాములు, అంటే నాలుగు రెట్లు. ఎకరానికి చేరేసరికి మొదటి దాంతో 150 నుంచి 200 గ్రాములు, రెండో దాంతో 250 నుంచి 300 గ్రాములు. ఎవరి కొలతకి వాళ్ళ మోతాదు కొడితే రెండూ ఓ దారిలో ఉన్నట్టే. చిక్కెక్కడంటే, కరపత్రంలోని కొలతతో చిక్కగా కాచి, ఎక్కడో విన్న "ఎకరానికి 8 లీటర్లు" లెక్కన కొట్టేవాళ్ళు ఉన్నారు. అప్పుడు ఎకరానికి 800 గ్రాముల పొగాకు రసం పడుతుంది. లేత ఆకు కొసలు మాడతాయి, సాలెపురుగులు పోతాయి, కొట్టినవాడికి సాయంత్రం తల తిరుగుతుంది. ఎండ ఎక్కువైంది కాబోలు అనుకుని పడుకుంటాడు.

ఇక మిరప. రెండు కొలతల్లోనూ ఎకరానికి చేరేది 125 నుంచి 200 గ్రాముల పచ్చిమిర్చి. గుప్పెడు కాయలు. ఎకరం అంటే నాలుగు వేల చదరపు మీటర్ల పైన. ఓ మోస్తరు ఇంట్లో వారం కూరలకి పట్టే మిర్చి అంత మేర పరుచుకుంటుంది. గుండిగ దగ్గర మనల్ని అంత ఏడిపించిన ఘాటు చేలోకి వెళ్ళేసరికి అంతే. కాబట్టి మిర్చి మూడింతలు వేస్తే పెరిగేది మన దగ్గే.

నేను మొదటి కొలతే పట్టుకున్నాను. 40 లీటర్ల గోమూత్రానికి 4 కిలోల వేపాకు, కిలో పొగాకు, కిలో పచ్చిమిర్చి, అర కిలో వెల్లుల్లి. వడకట్టాక 35 లీటర్ల దాకా వస్తుంది. ఐదెకరాలకి ఒక విడత. 16 లీటర్ల ట్యాంకుకి అర లీటరు నుంచి 600 మిల్లీలీటర్లు. ఇంత తేలిక కొలత ఎందుకని నన్ను అడుగుతుంటారు. పెద్ద ఎత్తున కాచినప్పుడు పది చేతులు మారుతుంది కాబట్టి. అందరి చేతా ఒకే కొలత గ్లాసు వాడించలేం. చిక్కటిది పొరపాటున ఎక్కువ పడితే నష్టం, పల్చటిది కాస్త ఎక్కువ పడినా తట్టుకుంటాం.

సామాను

గోమూత్రం రెండు ఆవుల నుంచి నాలుగైదు రోజులు పట్టి ప్లాస్టిక్ డ్రమ్ములో నిలవ చేశాను. నిలవైనకొద్దీ అందులోని యూరియా అమ్మోనియాగా మారి క్షార గుణం పెరుగుతుంది. ఆ క్షారంలో పొగాకు నుంచి నికోటిన్ బాగా దిగుతుంది. చర్మం లోపలికి కూడా సులువుగా ఇంకుతుంది. మందు బలం పెరిగేదీ, మనకి ప్రమాదం పెరిగేదీ ఒకే కారణంగా అన్నమాట.

పచ్చిమిర్చి మీ పెరట్లోదో, మీలాంటి ప్రకృతి రైతు దగ్గరదో అయితే మంచిది. రైతుబజారులో సాయంత్రం పూట మెత్తబడిన కాయలు చవగ్గా దొరుకుతాయి. మిర్చి యార్డు వైపు నుంచి తాలు కాయలు కూడా తెచ్చేవాళ్ళున్నారు. అయితే మన దగ్గర మందులు ఎక్కువ పడే పంటల్లో మిరప ముందుంటుంది. వాటి అవశేషాన్ని కాచి మన చేలో మనమే కొట్టుకోవడం నాకు నచ్చదు. ఎండు తాలుతో ఇంకో ఇబ్బంది, దంచేటప్పుడు లేచే దుమ్ము. పచ్చికాయైతే కాస్త గోమూత్రం పోసి తడిగా నూరుకోవచ్చు, దుమ్ము లేవదు. తేజా రకమే కావాలని వెతుక్కోవద్దు, ఏ కారపు కాయైనా చాలు. బజ్జీ మిర్చి మాత్రం వద్దు.

నూరేది ఎందులో అన్నది చిన్న విషయం కాదు. సంక్రాంతి దాటాక పండుమిరప కారం తొక్కే రోలుంటుంది కదా, అందులో పొగాకు పడకూడదు. మిర్చి, వెల్లుల్లి వరకు ఇంటి రోట్లో నూరి కడుక్కోవచ్చు. పొగాకు మాత్రం గోనెపట్టా మీద వేసి కర్రతో నలగ్గొట్టి, విడిగా నానబెట్టండి. ఇంటి మిక్సీలో వెయ్యొద్దు. పాత మిక్సీ జారు ఒకటి ఈ పనికే పెట్టుకున్నా సరే, దాని మూతకి ఎర్ర రంగు పూసి పశువుల పాకలోనే ఉంచండి, వంటింటికి రానివ్వకండి.

గుండిగ కూడా అంతే. షామియానా, వంటపాత్రలు అద్దెకిచ్చే షాపు నుంచి పెద్ద గుండిగ తెచ్చి కాచి, తోమి తిరిగి ఇచ్చేయడం తేలికగా కనిపిస్తుంది. మర్నాడు అందులో ఎవరి పెళ్ళి పులిహోరో కలుపుతారు. ఆ పని ఎవరూ చెయ్యకండి. పైగా ఆ గుండిగలు చాలావరకు అల్యూమినియంవి. నిలవ గోమూత్రంలోని క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. రాగి, ఇత్తడి అయితే అమ్మోనియాకి నీలం పచ్చ రంగు దిగుతుంది. స్టీలుది గానీ, ఇనప బాన గానీ కొనుక్కోండి, పది మంది కలిసి కొంటే తలకి పెద్ద ఖర్చు కాదు. పాత పురుగుమందు డ్రమ్ము కోసి వాడటం గురించి నేను మాట్లాడను, మీకే తెలుసు.

40 లీటర్లకి 80 లీటర్ల పాత్ర కావాలి. గోమూత్రం పాల కన్నా మొండిగా పొంగుతుంది, నురగ ఒక్కసారిగా లేస్తుంది. సగానికి మించి నింపితే పొంగి పొయ్యిలో పడుతుంది. ఆ ఆవిరి నేరుగా మొహం మీదకి కొడుతుంది. నన్నడిగితే పెద్ద ఎత్తున కాయడంలో అన్నిటికన్నా ప్రమాదమైన క్షణం అదే.

కాయడం

పొయ్యి ఇంటి వసారాలో వద్దు, పశువుల పాక చూరు కింద కూడా వద్దు. పశువుకి మనలాగే ఘాటు తగులుతుంది, దానికి పారిపోయే వీలు లేకుండా కట్టేసి ఉంటుంది. కళ్ళంలోనో, దొడ్డి చివరనో బయలు చోటు చూసి మూడు సిమెంటు ఇటుకలు పెట్టండి. చిటికెడు బూడిద వదిలి గాలి ఎటు పోతోందో చూసి, గాలి వచ్చే వైపు మనం నిలబడాలి. గాలి పోయే వైపు ఇల్లు, బడి, అంగన్‌వాడీ లేకుండా చూసుకోవాలి. పొద్దున్న బడి గంట కొట్టాక కాయడం మంచిదని నా అభిప్రాయం, పిల్లలు ఇంటి దగ్గర ఉండరు. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కలకి రాకూడదు. వీడియోలో మా పెద్దమ్మని దూరంగా కూర్చోబెట్టింది ఆవిడకి ఆయాసం ఉందని.

కొబ్బరి మట్టలు గుప్పున మండి గుప్పున ఆరిపోతాయి, మంట చేతిలో ఉండదు. సరుగుడు కర్రలు, కాస్త ఊక ఉంటే సన్నసెగ నిలబడుతుంది.

చిన్న కుండలో అన్నీ ఒకేసారి వేసి నాలుగైదు పొంగులు రానిస్తాం. పెద్ద పాత్రలో నేను వరస మార్చాను. ముందు గోమూత్రంలో నానిన పొగాకు, మిర్చి, వెల్లుల్లి వేసి మూతపెట్టి కాస్తాను. మొదటి పొంగు రావడానికే గంట పైన పడుతుంది. పొంగగానే కర్రలు వెనక్కి లాగి, సెగ తగ్గించి, మూత కాస్త ఎడంగా పెట్టి, ఆ మరుగు అరగంట తగ్గకుండా ఉంచాలి. వేపాకు ముద్ద చివరి పది నిమిషాల్లో వేసి దించేయడం. వేపలో పురుగు ఎదుగుదలని చెడగొట్టే అజాడిరక్టిన్ వేడికీ క్షారానికీ తట్టుకోదు. ఐదు పొంగులూ ఉడికిస్తే చేదు మిగులుతుంది గానీ ఆ గుణం చాలావరకు పోతుంది. అసలు ఆకులో అది తక్కువే, ఎక్కువ ఉండేది వేప గింజ పప్పులో. పప్పు కషాయం కావాలంటే దాన్ని కాయకుండా విడిగా చేసుకోవడమే నయం.

మరి ఆ అరగంట మరుగు దేనికి? పొగాకు రసం దిగడానికే కాదు. ఎండు పొగాకులో పొగాకు మొజాయిక్ వైరస్ ఏళ్ళ తరబడి బతికుంటుంది. మిరప, టమాట, వంగలకి అదే వైరస్ అంటుకుంటుంది. 93 డిగ్రీల దగ్గర పది నిమిషాలకి మొక్క రసంలోని వైరస్ చస్తుంది, కానీ పెద్ద పాత్ర అంచులు మరిగినా మధ్యలో ముద్ద చల్లగా ఉండిపోతుంది. అందుకని పొడుగు తెడ్డుతో అడుగు నుంచి కలుపుతూ బాగా మరగనివ్వాలి. పొగాకు నలిపిన చేతులతో, ఆ బట్టలతో మిరప నారు ముట్టుకోవద్దు. మంచి కషాయం కాచి, చేతులతో తెగులు అంటించినట్టవుతుంది.

కలిపేవాళ్ళు పొడుగు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, కళ్ళజోడు వేసుకోవాలి. మొహానికి కట్టుకున్న తడి తువ్వాలు నురగ తుంపర్లని కాస్త ఆపుతుంది, అమ్మోనియాని, నికోటిన్ ఆవిరిని ఆపలేదు. అందుకే గాలి వైపు నిలబడటం ముఖ్యం. పావుగంటకి మనిషి మారాలి. చేతికి మిరప మంట తగిలితే నీళ్ళతో ఎంత కడిగినా పోదు, కాప్సైసిన్ నీళ్ళలో కరగదు. కొబ్బరినూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. పొగాకు రసం పడితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా సబ్బు, నీళ్ళు. వికారం, చెమటలు, తల తిరగడం, నోట్లో ఉమ్మి ఊరడం మొదలైతే అది మిరప ఘాటు కాదు, నికోటిన్ ఒంట్లోకి దిగుతోందని. తడి పొగాకు ఆకు కోసే కూలీలకి వచ్చే జబ్బూ ఇదే. బట్టలు మార్చి, ఒళ్ళు కడిగి, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి.

దించాక మూతపెట్టి ఆ రాత్రి కదపకండి. నలభై లీటర్లు చల్లారడానికి తెల్లవారుతుంది. 48 గంటలు అలా ఉంచి, రోజుకి రెండుసార్లు కలిపి, మూడో రోజు పల్చటి గుడ్డలో వడకట్టాలి. తైవాన్ పంపు నాజిల్ మూసుకుపోకుండా రెండోసారి కూడా వడకట్టండి. మిగిలిన పిప్పిని పశువులకీ మేకలకీ అందకుండా గొయ్యి తీసి పూడ్చండి.

కొట్టేటప్పుడు

ఇంత కాచాం కదా అని పురుగు లేకపోయినా కొట్టేస్తుంటాం. పెద్ద బ్యాచ్‌తో వచ్చే పెద్ద నష్టం నా దృష్టిలో ఇదే. అగ్ని అస్త్రానికి మిత్రపురుగు, శత్రుపురుగు తేడా తెలియదు. వరిలో సాలెపురుగులు, తూనీగలు, అక్షింతల పురుగులు పోతే దోమ వెనక్కి తిరిగొస్తుంది. ఇండోనేషియాలో వరి మీద విచ్చలవిడిగా మందులు కొట్టి దోమని పెంచుకుని, చివరికి 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో 57 రకాల మందులని వరి మీద నిషేధించారు. అవి రసాయనాలే గానీ, జరిగిన తీరు మనకీ వర్తిస్తుంది. దోమ దుబ్బు మొదట్లో ఉంటుంది, పైన కొట్టిన కషాయం దాకా చేరదు కూడా. దోమకి ప్రతి రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట, చేలో నీళ్ళు తీసి ఆరబెట్టడం, ఇవే ముందు.

కాండం తొలుచు పురుగుకి చదరపు మీటరుకి ఒక తల్లి పురుగు గానీ, గోధుమ రంగు నూగు కప్పిన ఒక గుడ్ల కుప్ప గానీ కనిపిస్తే అప్పుడు కదలండి. గుడ్డు పగిలి పిల్ల పురుగు కాండంలోకి దూరేలోపు కొట్టాలి. మొవ్వు ఎండిపోయాక, తెల్ల కంకి వచ్చాక గుండిగ మొత్తం ఒంపినా లోపలున్న పురుగుకి తగలదు. నాటేటప్పుడు నారు కొసలు తుంచి నాటితే గుడ్లు చాలావరకు అక్కడే పోతాయి, దానికి ఖర్చు లేదు. ఆకుముడతకి ముందు ముళ్ళ కంప గానీ తాడు గానీ చేను మీద లాగి చూడండి. లద్దెపురుగు ఎదిగిపోతే కూడా ఇది అంతగా పనిచెయ్యదు. దాని పేరే పొగాకు లద్దెపురుగు, పొగాకు ఆకు తిని పెరిగే జాతికి మన కిలో పొగాకు ఏపాటి?

పొద్దు వాలాక కొట్టండి. మినుము పూత మీద, సొరపాదు, బీర మీద తేనెటీగలు తిరిగే వేళ వద్దు. ఆకుకూరల మీద నేను అసలు కొట్టను. కూరగాయల మీద కొడితే కోతకి వారం ముందే ఆపేస్తాను.

మన డెల్టాకి ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. గుండిగ, డ్రమ్ము, పంపు కాలువలో జాడించకండి. ఆ నీళ్ళే దిగువన ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నింపుతాయి. పక్కన చేపల చెరువు ఉంటే దానివైపు గట్టు నుంచి నాలుగు సాళ్ళు వదిలేయండి. కడిగిన నీళ్ళు చేను గట్టున మట్టిలోనే ఇంకిపోవాలి.

బియ్యం, పసుపు సేంద్రియ ధ్రువీకరణతో పైదేశాలకి పంపాలనుకునేవాళ్ళు పొగాకు వేసే ముందు మీ ధ్రువీకరణ సంస్థని అడగండి. అమెరికా సేంద్రియ నిబంధనల్లో పొగాకు పొడి వాడకూడని పదార్థాల జాబితాలో ఉంది. కషాయం ప్రకృతిదా కాదా అని వాళ్ళతో వాదించినా ఆ సరుకు వెనక్కే వస్తుంది. అలాంటి చేలకి పొగాకు లేకుండా మిర్చి, వెల్లుల్లి, వేపతో విడిగా కాచుకుని, కొలత పుస్తకంలో రాసి పెట్టుకోవాలి.

నిలవ

మూడు నెలలు నిలవుంటుంది, నీడలో, మూత గట్టిగా పెట్టిన ప్లాస్టిక్ క్యాన్లలో. ఎప్పుడూ కూల్‌డ్రింక్ సీసాల్లో, మంచినీళ్ళ సీసాల్లో పొయ్యకండి. ఈ ఒక్క లెక్క ఇంట్లో అందరికీ చెప్పండి: ఎండు పొగాకులో సాధారణంగా 1 నుంచి 3 శాతం నికోటిన్ ఉంటుంది. కిలో పొగాకుకి 10 నుంచి 30 గ్రాములు. అంతా దిగిందనుకుంటే 40 లీటర్లలో ప్రతి 100 మిల్లీలీటర్లకి 25 నుంచి 75 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్టు కాల్చినవాడి ఒంట్లోకి వెళ్ళేది సుమారు 1 మిల్లీగ్రాము. చేను గట్టున దాహమేసి సగం గ్లాసు తాగినవాడు పాతిక నుంచి డెబ్భై ఐదు సిగరెట్లు ఒక్క గుక్కలో తాగినట్టు. చిన్నపిల్లాడైతే చెప్పక్కర్లేదు. కరపత్రం కొలతతో కాచింది అయితే దీనికి నాలుగు రెట్లు. అలా జరిగితే వాంతి చేయించాలని చూడకండి, 108కి ఫోన్ చేసి, క్యాను కూడా వెంట పట్టుకెళ్ళండి. లోపల ఏముందో డాక్టరుకి తెలియాలి.

క్యాను మీద నాలుగు మాటలు పెద్దక్షరాలతో రాయండి: అగ్ని అస్త్రం, విషం, కాచిన తేదీ, ట్యాంకుకి ఎంత. పక్క రైతుకి పోసి ఇచ్చేటప్పుడు కొలత గ్లాసు కూడా ఇవ్వండి, మా దగ్గర దానికి మేకుతో గీత గీసి ఇస్తున్నాం. ఈ సార్వాకి నేను అరెకరంలో మిర్చి సగానికి తగ్గించి, పొగాకు, వేప మామూలుగానే ఉంచి కొడుతున్నాను. పక్క అరెకరంలో పూర్తి కొలత. రెండు చోట్లా పది చదరపు మీటర్లలో ముడుచుకున్న ఆకులు, ఎండిన మొవ్వులు లెక్కపెట్టి కోతల ముందు వీడియోలో చూపిస్తాను. మీలో ఎవరైనా మినుములో ఇలా పక్కపక్కన వేసి చూస్తే ఆ లెక్కలు పంపండి, కలిపి చూద్దాం.